ఎడ్లబండి మీద బిషప్

1910 జూన్. స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరం. దేశదేశాల్లో క్రైస్తవ మత ప్రచారం సాగిస్తున్న సంస్థల ప్రతినిధులు దాదాపు 1,200 మంది అక్కడ సమావేశమయ్యారు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఇరవై మందికి మించరు. ఒక సాయంత్రం సభలో ముప్పై అయిదేళ్ళ తమిళుడు మాట్లాడటానికి లేచారు. విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివాళ్ళకూ మధ్య సహకారం ఎలా ఉందన్నది ఆయనకిచ్చిన విషయం. ఉన్నదున్నట్టు చెప్పేశారాయన. దొరలు మాతో చేతులు కలుపుతారు గానీ ఇంటికి పిలిచి భోజనం పెట్టరు అన్నారు. మమ్మల్ని జీతగాళ్ళుగా చూస్తారే తప్ప తోటివాళ్ళుగా చూడరన్నారు. మా పేదల కోసం మీ సొత్తు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇక మాకు స్నేహితుల్ని ఇవ్వండని అడిగి కూర్చున్నారు.

సభలో కొందరికి కోపం వచ్చింది, కొందరు నొచ్చుకున్నారు. అసలు నిర్మొహమాటంగా మాట్లాడమని ఆయనకు ముందే ధైర్యం చెప్పినది ఒక ఇంగ్లీషు దొరే. ఆయన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. మాట్లాడిన తమిళుడి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. అప్పటికి ఆయన నిజాం ఇలాకాలోని డోర్నకల్‌లో గుడారాలేసుకుని, తెలుగు నేర్చుకుంటూ పనిచేస్తున్న ఒక మామూలు గురువు. మరో రెండున్నరేళ్ళకు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు.

ఇందులో అంత గొప్పేముంది అనిపించవచ్చు. ఆంగ్లికన్ సంఘం మామూలు సంఘం కాదు, ఇంగ్లండు రాజే దానికి పెద్ద. 1534లో ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్నప్పుడు అధికారమంతా రాజు చేతికి వచ్చింది గానీ బిషప్పు, గురువు, డీకను అనే మూడంచెల ఏర్పాటు పాతదే ఉండిపోయింది. గురువుల్ని అభిషేకించేదీ, బాప్తిస్మం పొందినవాళ్ళ తలమీద చేతులుంచి కన్ఫర్మేషన్ ఇచ్చేదీ బిషప్పే. ఆయన లేనిదే సంఘం నడవదు. భారతదేశంలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు పీఠం 1814లో కలకత్తాలో వెలిసింది. తర్వాత మద్రాసు, బొంబాయి. ఈ పెద్ద పీఠాల బిషప్పుల జీతాలు సర్కారు ఖజానా నుంచే వచ్చేవి. అంటే బిషప్పు అటు మతగురువూ, ఇటు తెల్లదొరతనంలో ఒక పెద్ద ఉద్యోగీ. ఆ కుర్చీలో నల్లవాడు కూర్చోవడానికి 98 ఏళ్ళు పట్టింది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. నాడార్ల కుటుంబం. తాటిచెట్లెక్కి కల్లు గీసే కులంగా ముద్రపడి, గుడిలోకి రానివ్వని రోజుల నుంచి చదువు, వ్యాపారం, చర్చి ఆసరాతో రెండు మూడు తరాల్లో పైకెక్కిన సమాజం అది. తండ్రి థామస్ వేదనాయగం హిందువుగా పుట్టి, మిషను బడిలో చదువుకుని క్రైస్తవుడై, పల్లెటూరి గురువయ్యారు. చాలా ఏళ్ళు ఎదురుచూశాక పుట్టిన మగబిడ్డ కాబట్టి బైబిల్లోని హన్నా కథ తలచుకుని తల్లి ఎల్లెన్ శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. అజరయ్య చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ దాకా సాగింది, కానీ డిగ్రీ చేతికి రాలేదు. పరీక్షల ముందు జబ్బుపడ్డారు. డిగ్రీ లేని ఈ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఆయన వెనకబాటుతనాన్ని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదు. అణగదొక్కిన కులం చదువుతో, సంఘబలంతో ఎలా లేచి నిలబడుతుందో సొంత ఊళ్ళో చూసినవాడు. తర్వాత తెలుగు మాల, మాదిగ పల్లెల్లో ఆయన చేసిన పనికి మూలం అక్కడుందని ఈ వ్యాసకర్త నమ్మకం.

1895లో ఆయన వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) కార్యదర్శిగా చేరారు. దక్షిణాదిలో ఊరూరా తిరగడం, కాలేజీ కుర్రాళ్ళతో మాట్లాడటం, సభలు పెట్టడం ఆయన పని. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీతో అక్కడే జీవితకాలపు స్నేహం కుదిరింది. స్నేహితుల్ని ఇవ్వండని ఎడిన్‌బరోలో అడిగినప్పుడు, అలాంటి స్నేహం ఎలా ఉంటుందో ఆయనకు అనుభవంలో ఉంది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నారు. దక్షిణాది క్రైస్తవ కుటుంబాల్లో కాలేజీ గడప తొక్కిన తొలితరం ఆడపిల్లల్లో ఆమె ఒకరు. కట్నం లేకుండా జరిగిన పెళ్ళి అది.

1902లో సిలోనులోని జాఫ్నాకు వెళ్ళడం ఆయన దారి మార్చింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో పొరుగు ప్రాంతాలకు ప్రచారకుల్ని పంపుతున్నారు. తిరునెల్వేలిలో అంతకంటే ఎక్కువమంది క్రైస్తవులున్నారు. అయినా వాళ్ళు సొంతంగా ఎవరినీ బయటికి పంపలేదు. ఆ సిగ్గుతోనే తిరిగొచ్చారు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. మనిషి మనవాడే, డబ్బు మనదే, నడిపేదీ మనమే. ఇదీ ఆ సంఘం నియమం. విదేశీ చందా ఒక్క పైసా తీసుకోరాదు. మూడేళ్ళు నిండకముందే, 1905 క్రిస్మస్ రోజున, మిషనరీ విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపూరులో దేశం మొత్తానికి జాతీయ మిషనరీ సంఘాన్ని కూడా మిత్రులతో కలిసి స్థాపించారు. బెంగాల్ విభజనతో స్వదేశీ ఉద్యమం రగులుకున్న ఏడాది అది. చర్చిలో కూడా స్వదేశీ గాలి అప్పుడే వీచింది.

తిరునెల్వేలి సంఘం తన తొలి క్షేత్రంగా ఎంచుకున్నది మానుకోట, డోర్నకల్ ప్రాంతాన్ని. నిజాం రాజ్యంలో, వరంగల్లు వైపు అడవి పట్టున, ఏ మిషనూ పెద్దగా పట్టించుకోని పల్లెలు అవి. మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి అని ఊరూరా కుర్రాళ్ళకు చెబుతున్న అజరయ్యకు, నేనెందుకు వెళ్ళకూడదు అన్న ప్రశ్న మిగిలింది. 1909లో మంచి పేరు, హోదా ఉన్న వైఎంసీఏ పదవి వదిలేసి, డీకనుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. ముప్పై అయిదేళ్ళ వయసులో అక్షరాల దగ్గర నుంచి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. పిల్లల్నీ సంసారాన్నీ గుడారాల్లో పెట్టుకుని నడిపిన ఆ తొలిరోజుల భారం ఎక్కువగా అన్బు మీదే పడింది. ఇలాంటి జీవిత కథల్లో ఆ సంగతి ఒక వాక్యంతో సరిపెట్టేస్తుంటారు.

బిషప్పు పదవి విషయానికొస్తే, అజరయ్యను బిషప్పును చేయాలన్న వైట్‌హెడ్ ప్రతిపాదన బయటపడగానే దుమారం లేచింది. మిషనరీల్లో పలువురు ఒప్పుకోలేదు. తెల్ల గురువులు నల్ల బిషప్పుకు ఎలా విధేయులవుతారని ఒక వాదం. ఆఫ్రికాలో 1864లో బిషప్పును చేసిన నల్లజాతి గురువు శామ్యూల్ క్రౌదర్‌ను చివరికి ఎలా పక్కకు నెట్టారో గుర్తుచేసి, చూశారా అక్కడ కుదరలేదు అని ఇంకో వాదం. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరు వద్దన్నారు. కులం అక్కడా తలెత్తింది. ఇవిగాక చట్టపరమైన చిక్కొకటి ఉంది. బ్రిటిష్ ఇండియాలో బిషప్పు పీఠం పెట్టాలంటే లండన్ అనుమతి కావాలి. డోర్నకల్ బ్రిటిష్ ఇండియాలో లేదు, నిజాం రాజ్యంలో ఉంది. బిషప్పు కింద ఉండే ప్రాంతాన్ని, అంటే ఒక చిన్న అధ్యక్ష మండలాన్ని, అక్కడ ఏర్పాటు చేసి, ఆయన్ని మద్రాసు బిషప్పుకు సహాయకుడిగా కూడా నియమించి వైట్‌హెడ్ తెలివిగా దారి చూసుకున్నారు. ఆసఫ్‌జాహీ నిజాముల జాగాలో కాబట్టి ఆంగ్లికన్ చరిత్ర మలుపు తిరిగిందన్నమాట!

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో దేశంలోని బిషప్పులు చుట్టూ నిలబడి అజరయ్య తల మీద చేతులుంచారు.

మొదట్లో ఆయనకిచ్చింది కాస్తంత నేల. 1920 నాటికి లెక్క మారిపోయింది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో చర్చి మిషనరీ సొసైటీ దశాబ్దాలుగా పెంచిన సంఘాలు, కర్నూలు, కడప వైపు మరో ఆంగ్లికన్ మిషను సంఘాలు ఆయన కిందికి వచ్చాయి. మచిలీపట్నంలో తరతరాలుగా పాతుకుపోయిన దొరలు ఇప్పుడు తమిళ బిషప్పు మాట వినాలి. విన్నారు కూడా. 1924లో ఆ మండలంలో ఇంగ్లీషు గురువులు 8 మంది, భారతీయ గురువులు 53 మంది. 1935 వచ్చేసరికి భారతీయ గురువులే 250 మంది, పల్లె బళ్ళు నడిపే పంతుళ్ళు 2,000 మందికి పైన. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షల దాకా పెరిగింది. వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చు యంత్రాలు వచ్చాయి. అప్పటి ఆంగ్లికన్ ప్రపంచంలో ఇంత వేగంగా పెరిగిన మండలాలు అరుదు.

ఈ అంకెల వెనక ఒక మనిషి ప్రయాణం ఉంది. ఆయన ఏడాదిలో చాలా భాగం పల్లెల్లోనే గడిపేవారు, ఎక్కువగా ఎడ్లబండి మీద. బిషప్పుగారు వస్తున్నారంటే పల్లె పొలిమేర దాకా డప్పులతో ఎదురెళ్ళేవారు. తెల్లటి నిలువుటంగీ వేసుకున్న ఆ మనిషి మాలపల్లిలోకో మాదిగగూడెంలోకో నేరుగా నడిచి వస్తుంటే, ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు నిలబడి చూసేవారు. పొలం పనులు ముగించుకుని జనం వచ్చేసరికి చీకటి పడేది. లాంతర్ల వెలుగులో ఆరాధన, కన్ఫర్మేషన్. ఆ తర్వాత బిషప్పు ప్రశ్నలు మొదలయ్యేవి. పల్లెను పట్టిన నాలుగు దయ్యాలేవి? మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ ఆయన పాపాల జాబితాలో చివర పెట్టలేదు, ముందే పెట్టారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, ఎవరి తల మీద వాళ్ళ చెయ్యే పెట్టించి, నేను బాప్తిస్మం పొందాను, ఈ సువార్త చెప్పకపోతే నాకు దోషం అని పలికించేవారు. అక్షరం ముక్క రాని కూలితల్లి కూడా సంఘం నాది, బాధ్యత నాది అని పదిమందిలో అనాలి. ఊరి వీధిలో నోరెత్తే హక్కులేని మనిషికి ఆ మాట ఎంత కొత్తగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పేదల సంఘం కాబట్టి చందా వద్దనలేదాయన. పేదలే ఇవ్వాలన్నారు. వండేముందు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి ఆదివారం గుడికి తేవడం ఇంటింటి అలవాటైంది. కోత పండుగ నాడు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకపిల్లలు గుడికి చేరేవి. నేటికీ ఆంధ్ర, తెలంగాణ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడుల్లో కోత పండుగ వేలంపాటలో సొరకాయ ఒకటి చేతులు మారి మారి వంద రెట్ల ధర పలకడం చూసినవాళ్ళకు ఆ ఉత్సాహం కొత్తేమీ కాదు. ఇవ్వడం గురించి ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. విదేశీ సొమ్ము పూర్తిగా ఆగిందా అంటే ఆగలేదు. పెద్ద బళ్ళకూ ఆసుపత్రులకూ అది కావలసే వచ్చింది.

డోర్నకల్ శిక్షణాలయంలో ఒక పద్ధతి గమనించదగ్గది. పంతుళ్ళుగా తయారయ్యే మగవాళ్ళతో పాటు వాళ్ళ భార్యలకూ చదువు చెప్పేవారు. పల్లెలో అడుగుపెట్టాక పంతులు మగవాళ్ళకు చెబితే, పంతులమ్మ ఆడవాళ్ళకూ పిల్లలకూ చెప్పాలి. ఆ ఆడవాళ్ళ చదువు చూసుకున్నది అన్బు. ఆరాధనలోకి భజనలు, కోలాటం, తెలుగు కీర్తనలు ధారాళంగా వచ్చాయి. ఇంగ్లీషు ప్రార్థన పుస్తకాన్ని ఆయన వదల్లేదు, అలాగని పల్లె డప్పును గుడి బయట ఆపెయ్యలేదు.

ఆయన చెయ్యలేకపోయిన పనీ ఉంది. మాల, మాదిగల మధ్య దూరం గుడిలోకి కూడా వచ్చింది. ప్రభువు బల్ల దగ్గర కలిసినవాళ్ళు బావి దగ్గర కలవలేదు. కులం చూస్తే ఆయన ఊరుకునేవారు కాదు, క్రమశిక్షణ విషయంలో కఠినుడనే పేరుంది. అయినా ఆ గోడ పూర్తిగా కూలలేదు. ఇప్పటి సంఘాల్లో ఎన్నికలప్పుడు ఆ గోడ ఎంత ఎత్తుందో సంఘస్థులకే బాగా తెలుసు.

గాంధీజీతో ఆయన విభేదం ఈ కథలో అన్నిటికన్నా చిక్కు ముడి. 1935లో అంబేద్కర్ తాను హిందువుగా చావబోనని యేవలాలో ప్రకటించాక, అంటరానివాళ్ళు ఎటు వెళతారన్నది దేశమంతటికీ ప్రశ్నయింది. ఆంధ్ర పల్లెల్లో క్రైస్తవులైన మాల మాదిగల బతుకు మారడం చూసి పైకులాల వాళ్ళు కూడా వేలల్లో వస్తున్నారని అజరయ్య రాశారు. గాంధీజీ 'హరిజన్' పత్రికలో ఆ మాటను సందేహించారు. దళితుల మతమార్పిడుల్లో ఆత్మ సంబంధమైన అన్వేషణ కంటే ప్రలోభమే ఎక్కువని ఆయన అభిప్రాయం. తమ మేలు ఏదో ఎంచుకునే తెలివి పేదలకు లేదనడం ఎలా న్యాయమన్నది అవతలి పక్షం. ఇద్దరివీ నిజాయితీగల వాదనలే. అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. 1932 కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు వద్దన్న క్రైస్తవ నాయకుల్లో అజరయ్య ముఖ్యుడు. సంఘం రాజకీయ ముఠా కాకూడదన్నారు. లక్షల మంది అనుచరులున్న మనిషి చేతికందిన ఓట్ల బలాన్ని కాదనుకున్నారు. ఆయన మీద సమగ్రమైన జీవిత చరిత్ర రాసిన సుసాన్ బిలింగ్టన్ హార్పర్ 2000లో వచ్చిన తన పుస్తకానికి 'ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మా' అని పేరు పెట్టడం ఊరికే కాదు. గాంధీ నీడలో ఆయన చరిత్రకు దూరమయ్యారు. ఇంగ్లీషువాళ్ళకు మరీ స్వదేశీ, జాతీయవాదులకు మరీ చర్చి మనిషి!

ఆయన చివరిదాకా పట్టుకున్న పని సంఘాల ఐక్యత. ఒకే పల్లెలో ఆంగ్లికన్, మెథడిస్టు, లూథరన్, బాప్టిస్టు అని ఇంగ్లండు, అమెరికా, జర్మనీల పాత తగాదాలు మనకెందుకన్నది ఆయన వాదం. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సంఘ నాయకులు కలిశారు. అత్యధికులు భారతీయులే, ముందు నిలిచినది అజరయ్య. విలీనానికి పిలుపునిస్తూ ఒక ప్రకటన వెలువరించారు. అడ్డంకి బిషప్పు దగ్గరే వచ్చింది. బిషప్పు చేతులుంచితేనే గురువు అని ఆంగ్లికన్లు, అక్కర్లేదని తక్కినవాళ్ళు. చర్చలు 28 ఏళ్ళు నడిచాయి. 1927లో సంఘాల ఐక్యత గురించి లోజాన్‌లో జరిగిన సభలో పాశ్చాత్యులకు ఆయన సూటిగా చెప్పారు: మీకిది ఆలోచించదగ్గ ఆదర్శం, మాకు బతుకు సమస్య. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, పుట్టింది. బిషప్పులున్న సంఘమూ లేని సంఘాలూ ఒకటి కావడం మతసంస్కరణ కాలం తర్వాత ప్రపంచంలో అదే మొదలు. విచిత్రమేమిటంటే, ఆయన సొంత మండలంలోని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది మాకొద్దని ఏళ్ళ తరబడి బయటే ఉండిపోయారు.

ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ డోర్నకల్‌లో ఇవాళ్టికీ నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి పని సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు. లోపలికెళితే దేవాలయ మండపంలో ఉండేలాంటి రాతి స్తంభాలు, వాటి మీద తామర, అరటిపువ్వు చెక్కడాలు. ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చినట్టుండే గోతిక్ చర్చిలు దేశంలో బోలెడున్నాయి. నైజాంలో కట్టిన గుడి నైజాం నేల మీది గుడిలా ఉండాలనుకున్నారాయన. కాజీపేట, విజయవాడల మధ్య రైల్లో వెళ్ళేవాళ్ళు డోర్నకల్ జంక్షన్‌లో దిగి చూడదగ్గ కట్టడం.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సీఎస్ఐ ఆవిర్భావానికి అప్పటికి మూడేళ్ళు కూడా లేదు. ఆయన పదవిలో ఉన్న 32 ఏళ్ళలో దేశంలో మరో భారతీయుడికి ఆంగ్లికన్ అధ్యక్ష మండలం అప్పగించలేదు. సహాయక బిషప్పులుగా ఒకరిద్దరు వచ్చారంతే. ఆయన తర్వాత డోర్నకల్ పీఠమెక్కింది కూడా తెల్లదొరే, ఆంథొనీ ఎలియట్.

ఆయన గురించి రాసిన మంచి పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన తయారుచేసిన రెండు వేలమంది పల్లె పంతుళ్ళ గురించి మాత్రం ఎవరూ తీరిగ్గా రాయలేదు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇవాళ ఖమ్మం నుంచి కర్నూలు దాకా, హైదరాబాదు నుంచి అమెరికా దాకా ఉన్నారు. తాతగారి బాప్తిస్మపు చీటీ, పాత సంఘపు రిజిస్టరు, బడి ముందు దిగిన ఫొటో ఏదైనా ఇంట్లో ఉంటే పారెయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ చేత చెప్పించి రాసిపెట్టండి.